షరతు వాక్యాల చరిత్ర: గుంటూరు సీమలో ఇంగ్లీషు క్రియ

“వాన పడితే పత్తి గింజ వేస్తాం.” పెదనందిపాడు చుట్టుపట్ల నల్లరేగడి మీద బతికే రైతు పిల్లవాడికి ఈ వాక్యం ఎవరూ నేర్పనక్కరలేదు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చమంటే మాత్రం చాలామంది ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని మొదలుపెడతారు. ఉపాధ్యాయుడు ‘విల్’ కొట్టివేసి ‘రెయిన్స్’ అని దిద్దుతాడు. వాన ఇంకా పడలేదు గదా, పడబోయేదాన్ని వర్తమాన కాలంలో ఎందుకు చెప్పాలి అన్న ప్రశ్న పిల్లవాడు పైకి అడగడు. అడిగినా, అది రూలు, బట్టీ పట్టమన్న జవాబే సాధారణంగా వస్తుంది. ఆ ఎర్రసిరా గీత పబ్లిక్ పరీక్షలదాకా, ఉద్యోగపు ఇంటర్వ్యూదాకా అతని వెంట నడుస్తుంది.

వ్యాకరణం దృష్టితో చూస్తే ఇది చిన్న విషయం. చరిత్ర దృష్టితో చూస్తే చిన్నది కాదు. గడిచిన నూట అరవై యేళ్లలో ఈ మైదానపు రైతులకూ, నేతగాళ్లకూ, కూలీలకూ ప్రభుత్వం చేసిన వాగ్దానాలూ, వారిమీద మోపిన బాధ్యతలూ చాలావరకు ఇంగ్లీషు వాక్యాలలోనే పుట్టాయి. ఆ వాక్యాలలో మాట ప్రధాన వాక్యంలో వుంటుంది, మెలిక ఉపవాక్యంలో వుంటుంది. ‘ఇఫ్’, ‘అన్‌లెస్’, ‘ప్రొవైడెడ్ దట్’ అనే మాటల వెనక ఏ క్రియ ఏ కాలంలో వున్నదో, అక్కడ ‘షల్’ వున్నదో ‘మే’ వున్నదో చదవగలిగినవాడు ఒడ్డున పడ్డాడు. చదవలేనివాడు ప్లీడరు గుమాస్తా చుట్టూ తిరిగాడు. కనుక ఉపవాక్యంలో క్రియాకాలం ఎలా నడుస్తుందనే పాఠానికి మన ప్రాంతంలో ఒక సాంఘిక చరిత్ర వుంది. దాన్ని పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు భాషల కట్టుబడి

ముందుగా రెండు భాషల తేడా చూద్దాం. తెలుగు వాక్యంలో సాధారణంగా సమాపక క్రియ ఒక్కటే, అదీ చివర. తక్కిన క్రియలన్నీ అసమాపకాలు. ‘పడి’ అంటే క్త్వార్థకం, ‘పడితే’ అంటే చేదర్థకం, ‘పడినా’ అంటే అప్యర్థకం, ‘పడిన వాన’లో ‘పడిన’ ధాతుజ విశేషణం. ద్రావిడ భాషలు సంబంధ సర్వనామాలకు బదులు ఈ విశేషణాలనే వాడతాయని కాల్డ్వెల్ 1856లోనే తన తులనాత్మక వ్యాకరణంలో చెప్పాడు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌తో కలిసి 1985లో ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ రూపాలు వ్యవహార భాష ఆధారంగా వివరంగా వున్నాయి.

ఈ అసమాపక రూపాలలో చేదర్థకం సంగతి ప్రత్యేకంగా గమనించదగింది. “నేను వెళ్తే ఆయన లేడు” అన్నప్పుడు వెళ్లటం జరిగిపోయింది. “రేపు వెళ్తే దొరుకుతాడు” అన్నప్పుడు వెళ్లటం ఇంకా జరగలేదు. “నిన్న వెళ్తే దొరికేవాడు” అన్నప్పుడు వెళ్లటం జరగనే లేదు. మూడింటిలోనూ ‘వెళ్తే’ ఒక్కటే. అందులో కాలం లేదు. కాలం చెప్పే పని చివరనున్న ప్రధాన క్రియది. కావాలంటే మూడో అర్థానికి ‘వెళ్లివుంటే’ అని విడిగా చెప్పుకునే వీలు కూడా తెలుగుకు వుంది.

ఇంగ్లీషు దారి వేరు. అక్కడ ఉపవాక్యానికి కూడా సాధారణంగా సొంత కర్త, సొంత సమాపక క్రియ, సొంత కాలం వుండాలి. పై మూడు వాక్యాలూ వరసగా ‘వెన్ ఐ వెంట్’, ‘ఇఫ్ ఐ గో’, ‘ఇఫ్ ఐ హ్యాడ్ గాన్’ అవుతాయి. తెలుగు ఒక్క ప్రత్యయంతో ముగించినచోట ఇంగ్లీషు మూడు నిర్ణయాలు చెయ్యమంటుంది. పైగా ‘షల్, విల్, మే, కెన్, మస్ట్’ అనే సహాయక క్రియలూ, వాటి భూతకాల రూపాలనబడే ‘షుడ్, వుడ్, మైట్, కుడ్’లూ ఉపవాక్యంలో దూరి ఇష్టాన్నీ, అనుమతినీ, విధినీ, సందేహాన్నీ చెబుతాయి. మనవాళ్లు తడబడింది తెలివి చాలక కాదు. రెండు కట్టుబడుల మధ్య వంతెన వేసే పని బడి ఎన్నడూ సరిగా చెయ్యకపోవటంవల్ల తడబడ్డారు.

సాక్షి మాట, కోర్టు రాత

ఈ తేడా జనజీవితంలో మొదట తగిలిన చోట్లలో జిల్లా కోర్టు ఒకటి. సాక్షి తెలుగులో చెబుతాడు. వాంగ్మూలం చాలాచోట్ల ఇంగ్లీషులో నమోదయ్యేది, ఇప్పటికీ అనేక కోర్టుల్లో అవుతున్నది.

తెలుగులో ఇతరుల మాట చెప్పేటప్పుడు ‘అని’ అన్న ఒక్క ముక్క చాలు. “రేపు పత్తి తూస్తానన్నాడు” అంటే అవతలివాడి నోటి మాట అతని పురుషతోనే, అతని కాలంతోనే వచ్చి మన వాక్యంలో కూర్చుంటుంది. ఇంగ్లీషు పరోక్ష కథనంలో ‘నేను’ కాస్తా ‘అతను’ అవుతుంది, ‘రేపు’ కాస్తా ‘మర్నాడు’ అవుతుంది, ‘విల్’ కాస్తా ‘వుడ్’ అవుతుంది. ప్రధాన క్రియ భూతకాలంలో వుంటే ఉపవాక్య క్రియను కూడా ఒక మెట్టు వెనక్కు జరపటం ఆ భాష ఆచారం.

ఇప్పుడు ఆ ‘వుడ్’ ఎన్ని పనులు చేస్తుందో చూడండి. “కొడతానన్నాడు” అన్నా ‘వుడ్’ వస్తుంది. “తాగొచ్చినప్పుడల్లా కొట్టేవాడు” అన్నా ‘వుడ్’ రావచ్చు. “మేం అడ్డం రాకపోతే కొట్టేవాడే” అన్నప్పుడు ‘వుడ్ హ్యావ్’ వస్తుంది. “ఎంత చెప్పినా వినలేదు, వినేవాడు కాదు” అన్నప్పుడు ‘వుడ్ నాట్’ వస్తుంది. బెదిరింపు, అలవాటు, తప్పిపోయిన ప్రమాదం, మొండితనం: కోర్టులో ఇవి నాలుగు వేర్వేరు సంగతులు. శిక్ష వుండటమూ లేకపోవటమూ ఆ తేడా మీద ఆధారపడవచ్చు. రాసిన వాంగ్మూలాన్ని సాక్షికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలని చట్టం చెబుతుంది. కాని ఇంగ్లీషులోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి వచ్చిన ‘వుడ్’ తాను చెప్పిన రూపంలోనే తిరిగివచ్చిందో లేదో కనిపెట్టటం చదువురాని సాక్షికి సాధ్యమా?

ఒక విశేషం ఇక్కడే చెప్పుకోవాలి. మన ‘వచ్చేవాడు’ అనే రూపం కూడా రెండు పనులు చేస్తుంది. “రోజూ వచ్చేవాడు” అంటే అలవాటు. “పిలిస్తే వచ్చేవాడు” అంటే జరగని పని కూడా కావచ్చు. అంటే అలవాటునూ, జరగనిదాన్నీ ఒకే రూపంలో చెప్పటం తెలుగు పిల్లవాడికి కొత్త కాదు. ‘వుడ్’ తత్వంలో సగం అతనికి ముందే తెలుసు. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్లు తక్కువ.

1858 ప్రకటనలోని మెలిక

ఇక పరిపాలన సంగతి. 1857 తిరుగుబాటును అణచివేసిన తరవాత, 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన వెలువడింది. జాతిమత భేదం లేకుండా భారతీయులను ప్రభుత్వోద్యోగాలలోకి స్వేచ్ఛగా, నిష్పక్షపాతంగా చేర్చుకోవటం తమ సంకల్పమని అందులో చెప్పారు. మన తొలితరం చదువుకున్నవాళ్లు ఆ వాక్యాన్ని హక్కుపత్రంగా భావించి దశాబ్దాలపాటు అర్జీలలో ఉదహరించారు.

అయితే ఆ వాక్యంలో ‘సో ఫార్ యాజ్ మే బీ’ అనే చిన్న ఉపవాక్యం వుంది. ‘వీలైనంతవరకు’ అని దాని అర్థం. ఆ వెంటనే, చదువూ సామర్థ్యమూ నిజాయితీల దృష్ట్యా ఎవరు ఆ పనులకు అర్హులై వుండవచ్చునో వారిని అని ఇంకొక ‘మే’ వుంది. వీలు ఎంతో, అర్హత ఏదో నిర్ణయించేది ఎవరు? మాట యిచ్చినవాడే. సివిల్ సర్వీసు పరీక్ష 1922దాకా లండనులోనే జరిగింది. 1870ల చివరిలో గరిష్ఠ వయస్సును 21 నుంచి 19కి దించారు. ఆ వయస్సులో సముద్రం దాటి ఇంగ్లీషు పిల్లలతో పోటీపడగల తెలుగు కుర్రవాళ్లు ఎందరుంటారో వేరే చెప్పనక్కరలేదు. ఈ ఆశలు నెరవేరేవి కావనీ, భారతీయులను నిషేధించటమా మోసగించటమా అన్న రెండు దారులలో తాము తక్కువ నిజాయితీ గల దారినే ఎంచుకున్నామనీ వైస్రాయి లిట్టన్ 1878లో రహస్య లేఖలో రాసుకున్నాడు. ప్రధాన వాక్యం జనం కోసం, ఉపవాక్యం సర్కారు కోసం అన్నమాట.

ఆ కాలంలో గుంటూరు సీమలో ఇంగ్లీషు ఎవరికి అందింది? లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. ఆ మిషను బడులు పెరిగి 1885లో కాలేజీ అయింది, అదే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1860లలో పాదుకొంది. మిషను బడులు మాలమాదిగ పిల్లలకు అక్షరం అందించిన మాట నిజం. కాని కాలేజీదాకా నడిచి, చట్టం పుస్తకం తెరిచి, ‘షల్’కూ ‘మే’కూ తేడా వాదించగల స్థాయికి ఎక్కినవాళ్లలో అత్యధికులు అగ్రవర్ణ కుటుంబాలవాళ్లే. ప్లీడరీ ఈ సీమలో ప్రధాన వృత్తిగా ఎదగటానికీ, జాతీయోద్యమ నాయకత్వం మొదట ప్లీడర్ల చేతిలో వుండటానికీ ఇదొక కారణం.

చీరాల–పేరాల: ఎవరికి ‘మే’, ఎవరికి ‘షల్’

ఇంగ్లీషు చట్టభాషలో ‘షల్’ అంటే చెయ్యవలెను, ‘మే’ అంటే చెయ్యవచ్చును. ప్రభుత్వం ఒక ఊరిని మునిసిపాలిటీగా ప్రకటించవచ్చును. ప్రకటించాక పౌరుడు పన్ను చెల్లించవలెను. వలసపాలన కాలపు చట్టాలలో సర్కారు పక్కన ‘మే’, ప్రజల పక్కన ‘షల్’ తరచు కనిపించటం యాదృచ్ఛికం కాదు.

చీరాల–పేరాల నేతగాళ్లు దీన్ని ఒంటిమీద అనుభవించారు. అప్పటికి చీరాల గుంటూరు జిల్లాలో వుండేది. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి పోయింది, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో చీరాల బాపట్ల జిల్లాలో చేరింది. 1919లో రెండు గ్రామాల యూనియన్‌ను ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. సుమారు నాలుగు వేల రూపాయల పన్ను నలభై వేలకు ఎగబాకింది. మగ్గం మీద బతికేవాళ్లు అర్జీలు పెట్టారు. ఆ ‘మే’ వెనక్కు తీసుకోవటం కూడా ప్రభుత్వం చేతిలోనిదే. ప్రభుత్వం తీసుకోలేదు.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు చెప్పిన సలహా కూడా షరతుల రూపంలోనే వుంది. పన్ను నిరాకరించి అహింసతో శిక్షలనుభవించటం ఒక మార్గం, ఊరు వదలి మునిసిపల్ హద్దు అవతలకు పోవటం రెండో మార్గం. గెలిస్తే దేశం మెచ్చుకుంటుంది, ఓడితే మాత్రం ఆ భారం మీదే, కాంగ్రెసుది కాదు అన్నది ఆ సలహాలోని సారాంశం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో సుమారు పదిహేను వేల జనాభాలో పదమూడు వేలకు పైగా ఊరు విడిచారు. రామనగర్ అని పేరు పెట్టుకున్న పాకలలో ఎండనూ వాననూ భరిస్తూ పదకొండు నెలలు వున్నారు. దుగ్గిరాలను జైలుకు పంపారు. చివరకు జనం ఊళ్లోకి తిరిగి రావలసివచ్చింది, మునిసిపాలిటీ నిలిచింది.

ఇక్కడ ఒక పాఠం వుంది. నేతగాళ్లు చట్టపు వాక్యాన్ని తప్పుగా చదవలేదు. మునిసిపల్ హద్దులోపల వున్నవాడే పన్ను కట్టవలెను అన్న షరతును పట్టుకుని, ఆ షరతులోంచే బయటికి నడిచారు. ఉపవాక్యాన్ని కాళ్లతో చదివారంటే అతిశయోక్తి కాదు. ఓటమికి కారణం అవగాహన లోపం కాదు, బలాబలాల తేడా.

పెదనందిపాడు: నెరవేరితే తప్ప

చీరాల పోరాటం ఇంకా సాగుతుండగానే పత్తిసీమ నడిబొడ్డున మరొక షరతు వాక్యం చరిత్రను నడిపింది. 1921 నవంబరులో ఢిల్లీలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమై, రాష్ట్ర సంఘాలు తమ బాధ్యత మీద పన్నుల నిరాకరణతో సహా శాసనోల్లంఘన ఆరంభించవచ్చునని తీర్మానించింది. అదొక ‘మే’. దానికి షరతులున్నాయి: పాల్గొనేవాళ్లు నూలు వడకటం తెలిసినవాళ్లై ఖద్దరు ధరించాలి, అహింసనూ హిందూముస్లిం ఐక్యతనూ నమ్మాలి, హిందువులైతే అస్పృశ్యతను కళంకంగా గుర్తించాలి.

పెదనందిపాడు ఫిర్కా రైతులు 1922 జనవరి నాటికి శిస్తు నిలిపివేశారు. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనను నడిపించాడు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. జప్తు చేసిన ఆస్తిని కొనేవాడు లేకపోయాడు. అదే సమయంలో గాంధీ, గుంటూరు నాయకుడు కొండా వెంకటప్పయ్యకు రాస్తూ, ఢిల్లీ షరతులు నెరవేరితే తప్ప పన్నుల నిరాకరణకు దిగవద్దని హెచ్చరించారు. ‘అన్‌లెస్’ అనే ఆ ఒక్క మాట చుట్టూ నాయకులు తర్జనభర్జన పడ్డారు. షరతులు నెరవేరాయా? నెరవేరాయని చెప్పవలసినవారెవరు? ఈలోగా చౌరీచౌరా సంఘటన జరిగింది. ఫిబ్రవరి 12న బార్డోలీ తీర్మానం ఉద్యమాన్ని నిలిపివేసింది. శిస్తు చెల్లించమని రైతులకు చెప్పింది. జమీందార్ల చట్టబద్ధమైన హక్కులకు భంగం కలిగించే ఉద్దేశం కాంగ్రెసుకు లేదని హామీ ఇచ్చింది. ఈ హామీని రజనీ పామీదత్ తన ‘ఇండియా టుడే’లో తీవ్రంగా విమర్శించాడని మన పాఠకులకు తెలుసు. అదే నెలలో పల్నాడులో పుల్లరికి ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు తుపాకి గుళ్లకు బలి అయ్యాడు.

షరతులన్నీ ఒక్క తీరువి కావన్నది కూడా గుర్తించాలి. అస్పృశ్యతను వదలితేనే సత్యాగ్రహానికి అర్హత అన్న షరతు భూమిగల రైతును మాలపల్లి వైపు చూడమంది. ఆ షరతును నిజంగా నెరవేర్చివుంటే ఉద్యమం పునాది విశాలమయ్యేది. అదే సంవత్సరం ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన ‘మాలపల్లి’ ఈ ప్రశ్ననే నవలగా నిలబెట్టింది, దాన్ని ప్రభుత్వం నిషేధించింది. అంటే షరతును చూడగానే మోసమనుకోవటమూ తప్పే. అది ఎవరి మీద పనిచేస్తుంది, నెరవేరిందని తేల్చే అధికారం ఎవరిది అని అడగాలి.

ప్రోనోటు, కౌలుకార్డు

ఈ మెలిక ఇంగ్లీషుకే సొంతమని భ్రమపడనక్కరలేదు. పత్తి, మిరప పెట్టుబడికి అప్పు చేసిన ప్రతి రైతుకూ ప్రోనోటు వాక్యం తెలుసు: మీరు కోరినప్పుడు మీకు గాని మీ ఆర్డరు పొందినవారికి గాని అసలూ వడ్డీ చెల్లించగలవాడను. ‘చెల్లించగలవాడను’ అంటే మాటవరసకు చెల్లించే శక్తి వున్నవాడను. కాగితం మీద మాత్రం అది శక్తిని చెప్పటంలేదు, విధిని చెబుతున్నది. పంట పోయి శక్తి లేకపోయినా ఆ ‘గలవాడను’ చెల్లుతుంది. ఇక ‘కోరినప్పుడు’ అనే ఉపవాక్యంలో కాలమే లేదు. కల్లంలో మిరపకాయ ధర పడిపోయిన రోజే కోరవచ్చు.

2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానంది. పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం వుండాలన్నది దానికి షరతు. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని జంకే యజమానులున్నచోట, ఆ ‘వుంటే’ అన్నది చట్టాన్ని సగం మింగివేస్తుంది. తెలుగులో చెప్పినంత మాత్రాన షరతు న్యాయమైపోదు. కాని తెలుగులో చెబితే అది షరతు అని కౌలుదారుకు కనీసం తెలుస్తుంది.

రాజ్యాంగంలో ‘షల్’

స్వాతంత్ర్యం తరవాత వాక్యాలు మారాయి, కట్టుబడి మాత్రం పాతదే. 1950 రాజ్యాంగం 45వ అధికరణం పదేళ్లలోగా పద్నాలుగేళ్ల వయస్సుదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య కల్పించటానికి రాజ్యం ‘ప్రయత్నించవలెను’ అన్నది. కల్పించవలెను అనలేదు. 1960 వచ్చింది, పోయింది. 2002 సవరణతో వచ్చిన 21ఏ అధికరణంలో ఎట్టకేలకు కల్పించవలెను అన్న ‘షల్’ నిలిచింది. దాని పక్కనే, రాజ్యం చట్టం ద్వారా నిర్ణయించే రీతిలో అన్న ఉపవాక్యమూ, అందులో ‘మే’ కూడా వున్నాయి.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, బోధనా మాధ్యమం సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషలో వుండవలెను అంటుంది. 1858 నాటి ‘వీలైనంతవరకు’, 2009 నాటి ‘సాధ్యమైనంతవరకు’ చుట్టాలని చెప్పకతప్పదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 81వ నంబరు జీవో ఇచ్చింది. హైకోర్టు 2020 ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ వాదోపవాదాల నడుమ నిలిచిన చట్టవాక్యాలలో పై వాక్యం ముఖ్యమైనది. సాధ్యమా కాదా అన్నది ఎవరు తేల్చాలి? నూట అరవై యేళ్ల తరవాత కూడా ప్రశ్న ఉపవాక్యం దగ్గరే ఆగింది.

‘మే’ ఎప్పుడూ ‘మే’గానే వుండిపోదన్న సంగతి కూడా మన విద్యార్థులు తెలుసుకోవాలి. 1880లో ఆక్స్‌ఫర్డ్ బిషప్ మీద జూలియస్ వేసిన కేసులో ఇంగ్లండు ప్రభువుల సభ ఒక సూత్రం చెప్పింది: అనుమతి రూపంలో ఇచ్చిన అధికారం వెనక, దాన్ని ఇతరుల మేలు కోసం వాడవలసిన కర్తవ్యం వుంటే, ఆ అధికారాన్ని వాడితీరాలి. ఆ కేసులో బిషప్ మీద నిర్బంధం లేదనే తేల్చారు గాని, సూత్రం నిలిచింది. చెయ్యవచ్చును అన్నది చెయ్యవలెనుగా మారగలదు. అలా మార్చేందుకు అడిగే మనిషి కావాలి, అడగటం తెలిసిన మనిషి కావాలి.

బోధన సంగతి

ఇక మన ఉపాధ్యాయుల పని. ఇంగ్లీషు మాధ్యమం కావాలనేవారూ వద్దనేవారూ ఒక విషయంలో ఏకీభవించవచ్చు: మాధ్యమం ఏదైనా, ఇంగ్లీషు ఉపవాక్యాన్ని తెలుగు పిల్లలకు తెలుగు ఆధారంగా నేర్పటం న్యాయం. అందుకు కావలసిన సామగ్రి వారి నోటనే వుంది.

మొదటి సంగతి. ‘ఇఫ్’ తరవాత ‘విల్’ రాకూడదని బట్టీ పట్టిస్తాం. మరునాడే ‘ఐ డోంట్ నో ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనే వాక్యం పాఠంలో వస్తుంది. పిల్లవాడు గందరగోళపడతాడు. తెలుగులో చెప్పించండి. “వాన పడితే గింజ వేస్తాం” అన్నది షరతు. “వాన పడుతుందో లేదో తెలియదు” అన్నది ప్రశ్న. ఇంగ్లీషు రెండింటికీ ఒకే ‘ఇఫ్’ వాడుతుంది. తెలుగు ‘తే’ అనీ ‘ఓ లేదో’ అనీ స్పష్టంగా విడదీస్తుంది. ‘తే’ వచ్చినచోట ‘విల్’ సాధారణంగా పనికిరాదు. ‘ఓ’ వచ్చినచోట జరగబోయేదానికి ‘విల్’ కావాలి. ‘వెన్’ సంగతీ అంతే. “ఆయన వచ్చినప్పుడు చెప్పు” అంటే ‘వెన్ హీ కమ్స్’. “ఆయన ఎప్పుడు వస్తాడో చెప్పు” అంటే ‘వెన్ హీ విల్ కమ్’. ఇష్టాన్ని అడిగే ‘ఇఫ్ యూ విల్ సైన్’ వంటి వాక్యంలో ‘విల్’ నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ అది భవిష్యత్తును చెప్పదు. “మీరు సంతకం పెట్టటానికి ఒప్పుకుంటే” అని దాని అర్థం.

ఇందులో హేతువు కూడా చెప్పవచ్చు. షరతు చెప్పేటప్పుడు వాన పడుతుందని మనం జోస్యం చెప్పటంలేదు; పడటం అనే సంగతిని ముందు పెట్టి దాని ఫలితం చెబుతున్నాం. జోస్యం ప్రధాన వాక్యంలో వుంది గనుక ‘విల్’ అక్కడే వుంటుంది. తెలుగు చేదర్థకంలో కాలం లేకపోవటానికీ, ఇంగ్లీషు ‘ఇఫ్’ వాక్యంలో ‘విల్’ లేకపోవటానికీ మూలం దాదాపు ఒకటే. ఈ ముక్క చెబితే రూలు బరువు సగం తగ్గుతుంది.

రెండో సంగతి. “పన్ను కట్టమని ఆజ్ఞాపించారు” అన్నప్పుడు ‘కట్టమని’లో కాలం లేదు. తీర్మానాలలో, ఉత్తర్వులలో ఇంగ్లీషు కూడా ఇలాంటిచోట ‘దట్ హీ పే’ అని కాలంలేని క్రియనే పెడుతుంది. ‘పేస్’ అనదు, ‘పెయిడ్’ అనదు. “కట్టాడని చెప్పారు” అన్నప్పుడు మాత్రం కాలం వస్తుంది. ‘మని’కీ ‘అని’కీ తేడా తెలిసిన పిల్లవాడికి ఈ తేడా కష్టం కాదు.

మూడో సంగతి, పరోక్ష కథనం. ‘అని’ వున్న వాక్యాన్ని ఇచ్చి, మాట ఎవరిది, ఎప్పటిది, ఆ మాట ఇప్పటికీ నిజమేనా అని మూడు ప్రశ్నలు వేయించాలి. ఇప్పటికీ నిజమైనదాన్ని ఇంగ్లీషు వర్తమానంలోనే వుంచవచ్చు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్నది అటువంటిది. తక్కినచోట ఒక మెట్టు వెనక్కు జరపాలి. పట్టికలు బట్టీ పట్టించేకంటే ఈ మూడు ప్రశ్నలు ఎక్కువ పనిచేస్తాయి.

నాలుగోది, పాఠానికి వస్తువు. రాజు గారూ బంగారు పక్షీ అన్న వాక్యాలతోనే ఎందుకు నేర్పాలి? పంట బీమా పత్రం, బాంకు రుణపత్రం, ఉపాధి హామీ చట్టంలోని వాక్యం, విద్యాహక్కు చట్టంలోని సెక్షను తరగతిలో పెట్టండి. ప్రధాన వాక్యం కింద ఒక గీత, ఉపవాక్యం కింద రెండు గీతలు గీయించండి. ‘షల్’ ఎవరి పక్కన, ‘మే’ ఎవరి పక్కన వున్నదో రాయించండి. షరతు నెరవేరిందని తేల్చేది ఎవరో అడగండి.

వ్యాకరణం నేర్చినంత మాత్రాన దోపిడీ అంతరించదు. చీరాల నేతగాళ్లు షరతును చదివి కూడా ఓడారు. కాని పెదనందిపాడు రైతుల తరఫున ‘అన్‌లెస్’కు అర్థం చెప్పే హక్కు గుప్పెడుమంది చేతిలో వుండిపోయిందన్నది కూడా నిజం. ఆ హక్కు ఈనాడు కౌలుదారు కూతురికీ, మిరప కోతల కూలీ కొడుక్కీ అందాలి. సర్కారు బడిలో వారికి ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయుడు చెయ్యగలిగిన పని అది, చెయ్యవలసిన పని కూడా.